పేషెంటే మాట్లాడాలట

హలో… ఆ, నేనే. … అవును సిస్టర్, పేషెంట్‌నే.

గొంతా? కాస్త జలుబు చేసింది. … ఒక్క నిమిషం, లైన్లో ఉండండి—

ఏవండీ, మీరు కాస్త ఊరుకుంటారా! పెద్దల ఆసుపత్రి నుంచి. పద్దెనిమిది నిండాయి కదా, ఇక అమ్మానాన్నలతో మాట్లాడరట, పేషెంటే మాట్లాడాలట. మీ అమ్మాయికి తన మాత్రల పేర్లే నోరు తిరగవు, అదేం చెప్తుంది? … లేపకండి. పట్టపగలు ఆ మొద్దునిద్రేంటో దానికి!

ఆ, చెప్పండి సిస్టర్. … సికిల్ సెల్. పసితనం నుంచీ. … మాత్ర రాత్రి అన్నం తిన్నాక. … రక్తం ఎక్కించింది మొన్న వానాకాలంలో. … అయ్యో, పొగడకండి. అన్నీ నోటికొచ్చేశాయంతే.

నొప్పులా? బాగా తగ్గాయి. నవ్వుతూ తిరుగుతోంది… తిరుగుతున్నా.

… పోయినసారి అలా చెప్పలేదా? … అమ్మని బయట కూర్చోబెట్టి అడిగారే, అప్పుడా…

ఆ, గుర్తుంది. అయినా… ఏమన్నానో ఒకసారి చదవండి సిస్టర్.

… రోజూనా?

… దిండు నోట్లో కుక్కుకుని…

… తెల్లారేదాకా. అందుకేనా, పగలంతా…

ఏం లేదు. చదవండి. … అమ్మకెందుకు చెప్పనన్నాను?

… …

అమ్మకు ఇప్పుడిప్పుడే నిద్ర పడుతోందని.

…

ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

… వద్దు, అమ్మకు చెప్పకండి. అమ్మ… అమ్మ తట్టుకోలేదు.

… సిస్టర్. నేను పేషెంట్‌ని కాను. … వాళ్ళమ్మని. … మీ తప్పేం లేదండీ, నేనే అబద్ధమాడాను. … తిట్టండి, పడతాను. ఆ తిట్లేవో తర్వాత తిందురుగాని— కాదు, తింటాను. నా నోరే నా మాట వినట్లేదు. … పిలుస్తాను, పెట్టేయకండి.

బంగారం… లే తల్లీ. మెల్లగా. మోకాలు జాగ్రత్త.

ఫోన్ నీకే. … సిస్టరే. … నేను చేసిన వెధవ పనేంటో ఆవిడ చెప్తుంది. తర్వాత ఎంత అరుస్తావో అరుచుకో.

… నాకేం చెప్పక్కర్లేదు. ఆవిడకు చెప్పు. ఎంత నొప్పి ఉంటే అంతా చెప్పు, ఒక్క పిసరు తగ్గించకు.

… లేదమ్మా, పక్కన కూర్చోను. వంటింట్లోకి వెళ్తున్నా, తలుపు వేసి వెళ్తా.

ఇదిగో… పట్టుకో.