అద్దాలు తుడిచేవాడి భయం

పెద్ద పెద్ద భవనాల బయట వేలాడుతూ అద్దాలు తుడిచే మనిషి, పనిలోకి వెళ్ళక పదకొండు రోజులైనవాడు, సైకాలజిస్టు ఎదుట కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అదే మేడమ్, మా మేస్త్రీకి చేసిన వైద్యమే నాకూ చేసేయండి. రోజుకో అంతస్తు ఎక్కించారంట కదా! నెల తిరక్కుండా గుర్రంలా తయారయ్యాడు."

"ఒకరి కళ్ళజోడు ఇంకొకరికి పెడితే కనిపిస్తుందా? ఆయన భయం వేరు. మీదేంటో నాకింకా తెలీదు."

"భయం భయమే కదండీ. కాళ్ళు వణుకుతాయి, నోరెండిపోతుంది. సోమవారం ఎక్కకపోతే సూపర్‌వైజర్ తీసేస్తానన్నాడు."

"మీ ఇంటి డాబా ఎక్కుతారా?"

"బట్టలారేసేది నేనేగా."

"పిట్టగోడ మీంచి కిందికి చూస్తే?"

"ఏముంది, వీధి కనిపిస్తుంది."

"పడిపోతున్నట్టు కలలు?"

"అసలు నిద్రపడితేగా! మందేదైనా రాసివ్వండి."

"మందులు నేను రాయను. వణుకు ఎక్కడ మొదలవుతుంది? పైకెళ్ళాకా?"

"ముందే. నడుముకి... నడుముకి తాడు కట్టేటప్పుడు."

"ఏ తాడైనా అంతేనా?"

"కాసిన్ని మంచినీళ్ళిస్తారా?"

"తీసుకోండి. ఏ తాడైనా అంతేనా?"

"కాదు. ఆ ఎర్ర తాడొక్కటే. ఒకచోట పీచు లేచింది మేడమ్. వేలితో నొక్కితే లోపల మెత్తగా... మెత్తగా ఉంది. చెప్పాను. 'తాడుకేం కాలేదు, నీకే పిరికి జబ్బు పట్టింది, ఎక్కడైనా చూపించుకో' అన్నాడు సూపర్‌వైజర్. అందరూ నవ్వారు. నాకూ నిజమేననిపించింది."

"చూడండి. మేస్త్రీగారు గట్టి తాడుతో కట్టినా భయపడేవారు. అందుకే మెల్లమెల్లగా ఎక్కించి అలవాటు చేశాం. మీకు అదే వైద్యం చేస్తే చేతులారా చంపినట్టే. మీకు ఏ జబ్బూ లేదు. మీ భయం నిజం చెబుతోంది."

"అంటే... నేను పిరికివాణ్ణి కాదా?"

"కాదు. ఆ తాడు ఇప్పుడెక్కడుంది? పక్కన పడేశారా?"

"లేదండీ. పనిలోనే ఉంది. పద్నాలుగో అంతస్తులో."

"పనిలోనా? ఎవరు కట్టుకున్నారు?"

"మా బావమరిది. నా బదులు పొద్దున్నే ఎక్కాడు. నేనే... నేనే పంపాను."

"తాడు సంగతి ఆయనకి తెలుసు కదా? ఏవండీ, తెలుసు కదా?"

"నా పిరికితనం వాడికీ అంటుకుంటుందేమోనని... చెప్పలేదు మేడమ్."