ముగ్గుపిండితో గీసిన తోట

సూర్యాపేటలో ఒక ఇంటి ముందు కొత్తగా తవ్విన చారెడు జాగా. తల్లి రంగనాయకమ్మ చేతిలో ముగ్గుపిండి గిన్నె. కొడుకు దామోదర్ మిర్యాలగూడలో కోపంతో బస్సెక్కి, ఆ కోపం దిగకుండానే ఇక్కడ దిగాడు.

“గీత తొక్కకురా! గాడ చామంతి.”

“ఏడున్నదమ్మా చామంతి? మట్టి తప్ప నాకేం కనబడ్తలేదు.”

“వస్తది. కార్తీకానికి వస్తది. జర అవుతలికి జరుగు, ఇప్పుడు బంతి మడిల నిలబడ్డవ్.”

“నిన్నేమడిగిన నేను? ఈ వాకిలెందుకు తవ్వినవ్?”

“చెప్తున్న గదా. ఈ గోడ పొంటి మల్లె. ఎండకాలమంత పూస్తది. అది అయిపోంగనే కనకాంబరం అందుకుంటది. దసరాకు బంతి, సీతజడ. ఎనక చామంతి. చలికి గులాబీ. ఒకటి వాడేటాళ్లకు ఇంకోటి విచ్చాలె. ఏ కాలంల గూడ ఈ వాకిలి పూలు లేకుంట ఉండొద్దు.”

“అమ్మా, నాయిన పోయి మూడు నెల్లు గాలే!”

“నాకెరుక లేదా?”

“ఎరుకున్నోళ్లు చేసే పనేనా ఇది? మల్లెవాసన తగిలితే ఆయనకు దమ్ము లేచేది. ఊపిరి అందక గోడకు ఒరిగి కూసునేటోడు. అగర్‌బత్తి గూడ ముట్టియ్యలే మనింట్ల. దేవుని పటాలకు ప్లాస్టిక్ దండలేస్తిమి. గసుంటి మనిషి పోంగనే, ఎప్పుడు పోతడా అని సూసినట్టు వాకిలంత పూలు పెడితే సూసెటోళ్లు ఏమనుకుంటరు?”

“సూసెటోళ్లా, మీ మేనత్తనా?”

“ఎవరైతేంది?”

“వసంతేనా ఫోన్ చేసింది?”

“చేసింది. కోదాడ దాక పోయింది నీ ముచ్చట. ‘మీ అమ్మేంటయ్యా, మా అన్న పోయాడని పండగ చేసుకుంటుందా’ అన్నది. నేనేం చెప్పాలె?”

“ఫోన్ పెట్టెయ్యాలె.”

“అమ్మా!”

“పెట్టెయ్యాలెరా! నీ తల్లిని గంత మాట అంటుంటే ఆఁ ఆఁ అనుకుంట విన్నవ్. విని, గీడికొచ్చి నా మీద ఒర్రుతున్నవ్.”

“నేను ఒర్రుతలేను.”

“ఒర్రుతున్నవ్. గీతలు గూడ తొక్కుతున్నవ్.”

“తొక్కుత. రేపటికి ఈ గీతలే ఉండయ్. సంజీవ్ మేస్త్రికి చెప్పిన, బండలు పరుస్తడు. వాకిలి సాఫ్‌గ ఉంటది.”

“నన్ను అడిగినవా?”

“అన్నీ నిన్ను అడగాల్నా?”

“అడగాలె. ఈ ఇంట్ల ఉండేది నేను.”

“సరే, అడుగుతున్న. ఎవరికమ్మా ఇన్ని పూలు?”

“దేవునికి.”

“దేవునికి గుప్పెడు సాలు.”

“బతుకమ్మకు.”

“ఈ ఏడు మనకు పండుగ లేదు. తెల్వదా?”

“వాడకట్టోళ్లకు ఉన్నది గదా. ఇస్త.”

“వాడకట్టు కోసం నువ్వు గడ్డపార పట్టినవా? చేతులు సూస్కో, ఎట్ల బొబ్బలెక్కినయో. నిజం చెప్పు.”

“నాకు.”

“ఏంది?”

“నాకురా. నా తలల పెట్టుకోనీకి.”

“మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు వింటరు.”

“విననీ. ఇంతసేపు నీ ఒర్రుడు విన్నరు, ఇది గూడ వింటరు. నీ ఫోన్ మోగుతున్నది, ఎత్తు.”

“హలో, ఆఁ, సంజీవన్నా. రేపు పొద్దుగాల్నే రా. ఆఁ, వాకిలి మొత్తం. గోడ దాక.”

“రమ్మను! గీ చామంతి మడిలనే కూసుంట. నా మీదికెళ్లి పరవమను బండలు!”

“ఏం లేదన్నా, టీవీ సప్పుడు. నేను మళ్ల చేస్త. అమ్మా, ఇజ్జత్ తీస్తున్నవ్ నువ్వు!”

“పూలు పెట్టుకుంటే పోతదా ఇజ్జత్? మీ సిన్నాయిన పెండ్లాం పోయి ఏడాది తిరగకముందే పూల అంగీ తొడిగి, సెంటు కొట్టుకోని తిరిగిండు. ఎవరన్న ఫోన్ చేసిన్రా నీకు?”

“మొగోళ్ల సంగతి వేరు.”

“ఏం వేరు?”

“వేరంతే! జర సమజ్ చేసుకో. దేనికైనా ఒక టైముంటది. నాయిన ఉన్నన్ని రోజులు పెట్టుకున్నవ్. ఇగ అది ఖతం. ఇంకేం కావాలె నీకు?”

“ఏమన్నవ్?”

“నాయిన ఉన్నన్ని రోజులు…”

“ఎప్పుడు సూసినవ్?”

“ఏంది?”

“నా తలల పూలు. నువ్వు పుట్టినకాడికెళ్లి ఎప్పుడు సూసినవ్? చెప్పు.”

“పండుగలకు…”

“ఏ పండుగకు?”

“నా పెండ్లికి! నా పెండ్లికైతే పెట్టుకున్నవ్. నాకు మంచిగ యాదికున్నది.”

“పెండ్లికొడుకు తల్లి వట్టి కొప్పుతోని ఏం తిరుగుతదని, బట్టపూలు కొనుక్కొచ్చి గుచ్చుకున్న. నీకు తెల్వనే తెల్వదు.”

“నాయిన వద్దన్నడా?”

“ఆయన ఏనాడు వద్దనలే. ‘పెట్టుకోవే, నేను అరుగు మీద పండుకుంట’ అనేటోడు. నాకే పాణం ఒప్పలే. ఆయన గట్ల ఎగపోస్తుంటే నాకు పూలేంది అనుకున్న. ఆయన మీద నాకు కోపం లేదు. నాకు కోపం నీ మీదనే.”

“నేనేం చేసిన?”

“పదో దినం నాడు ఏడున్నవ్?”

“గీడనే ఉన్న. నీ పక్కకే ఉన్న.”

“ఉన్నవ్. సూసుకుంట నిలబడ్డవ్. గాజులు పలగ్గొట్టే ముంగట మీ మేనత్త నా కొప్పుల మూరెడు మల్లెపూలు పెట్టింది, తియ్యనీకి. పెండ్లయి ఈ ఇంటికొచ్చినంక నా తలల పచ్చిపూలు పడ్డది గా ఒక్క పూటనేరా. వాటిని గుంజి పారేస్తుంటే బోరున ఏడ్చిన. మీరందరు ఆయన కోసమే అనుకున్నరు.”