ఎత్వారక్కకి వేరే చెంబు

ఉప్పేశావా టీలో? తక్కువేశావా... మంచిదే, డాక్టరు వద్దన్నాడుగా. ఇలా ఇవ్వు. ఎత్వారి అని ఒకావిడ ఉండేదమ్మా, నువ్వీ టీ తోటకి కోడలిగా రాకముందే పోయింది. ఆకు కొయ్యడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. నేనప్పుడు టీ మోసేవాణ్ణి. పదింటికల్లా కావడికి రెండు డబ్బాలు తగిలించుకుని కోత వరసల్లోకి పోవాలి. ఉప్పు టీనే, పాలూ చక్కెరా ఎక్కడివి? చెమటోడ్చేవాళ్లకి అదే ప్రాణం. కాస్త ఆలస్యమైతే మేస్త్రీని కూడా కడిగేసేవాళ్లు ఆడాళ్లు. ఆఁ, ఎత్వారక్క. ఆవిడకి బీపీ. తలపోటుకి గుడ్డ బిగించి కట్టుకుని మరీ కోసేది. ఉప్పు మానకపోతే కాలో చెయ్యో పడిపోతుందని తోట ఆస్పత్రిలో చెప్పారు. నా దగ్గరికొచ్చి, "తమ్ముడూ సోమ్రా, టీ పడకపోతే నాకు చేతులాడవురా. ఉప్పు వెయ్యకముందే ఓ చెంబుడు తీసిపెట్టవూ" అంది. అదెంత పనక్కా అన్నా. తీసిపెట్టా కూడా, ఓ పదిరోజులు.

ఆడాళ్లు ఊరుకుంటారా? "అబ్బో, రాణీగారికి వేరే చెంబట! మేం నచ్చలేదేంట్రా నీకు?" అని ఒకత్తి అంటే వరసంతా గొల్లుమంది. మీ అత్తతో నాకు పెళ్లి కుదిరిన కొత్త. వాళ్లన్న చెవిన పడితే ఇంకేమన్నా ఉందా! మర్నాడు చెంబు తేలేదు. డబ్బాలోదే గ్లాసులో పోసి, అందరూ వినేట్టు, "నువ్వేమన్నా దిగొచ్చావా? తాగితే తాగు, లేకపోతే లే" అని అరిచా. నాకంటే పదేళ్లు పెద్దది. నా మొహంలోకి ఒక్కసారి చూసి, గుక్కెడు తాగి, "బాగుందిరా" అంది. అంతే. మళ్లీ అడగలేదు. రోజూ అదే తాగింది. నేను రోజూ పోశా. తెలీక పోశానని చెప్పుకోడానికి కూడా లేదు నాకు.

వానల ముందు వరసలోనే పడిపోయింది. కుడిపక్క మొత్తం పోయింది. ఎనిమిది నెలలు మంచంలో ఉండి కన్నుమూసింది. దినం నాడు వాళ్లాయన బంధన్ బావ నన్ను ముందు కూచోబెట్టి, నలుగురిలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడమ్మా. "అందరూ నవ్వినా నువ్వు మాత్రం మానలేదటగా. సోమ్రా నాకు ఉప్పులేని టీ తెస్తున్నాడు, నువ్వు బెంగపడకు అని రోజూ చెప్పేదిరా" అన్నాడు.

నేనేమన్నానా? సిగ్గుతో చచ్చిపోవాల్సింది. తలూపి, వాళ్లింట్లో ఇచ్చిన టీ తాగొచ్చా.

... ఆ మేకేంటమ్మా అలా అరుస్తోంది? తాడు మెడకి చుట్టుకుందేమో చూడు, పో.