తెరమీద తిరిగిన పన్ను

ఆస్ట్రేలియాలో బల్లరాట్ అనే ఊళ్లోని పళ్ల క్లినిక్కులో డాక్టరమ్మ కంప్యూటర్ తెరను కుర్చీలోని పెద్దాయన వైపు తిప్పింది.

"చూడండి, ఈపాటికి మీ కోరపన్ను ఇలా తిరిగి ఉండాలి."

"తెరమీద తిరిగితే నాకేంటమ్మా? అద్దంలో తిరగలేదే!"

"పళ్లు సరిచేసే అలైనర్ తొడుగులు రోజంతా పెట్టుకుంటున్నారా?"

"తిండికి తప్ప తీస్తే ఒట్టు. వీటికోసం బాకా కూడా పక్కన పడేశాను."

"మీ తప్పు కాదులెండి. గుండ్రటి పన్ను మీద తొడుగుకి పట్టు చిక్కదు. అనుకున్నదాంట్లో సగం తిరిగితే గొప్ప."

"ఆ ముక్క మొదట్లో చెప్పలేదేం?"

"మొదట్లో అందరికీ ఈ బొమ్మే చూపిస్తామండీ."

"యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే ఆన్జాక్ రోజు తెల్లారగట్ల సైనికుల స్తూపం దగ్గర ఏటా బాకా నేనే ఊదేది. వంకరపళ్లతోనే ఇన్నేళ్లూ ఊదాను. ఇప్పుడు పక్క పళ్లు జరిగాయి, ఇది జరగలేదు. నిన్న తిండి అయ్యాక ఊది చూస్తే, పెదవి ఎక్కడ ఆనించినా మోత రాక గాలే వస్తోంది."

"మళ్లీ కొలతలు తీసి కొత్త తొడుగులు చేయిస్తాను."

"అప్పుడు తిరుగుతుందా?"

ఆమె తెరమీద పన్నును ఇంకోసారి తిప్పి చూపించింది.

"పోనీ, నా పాత పళ్లే నాకిచ్చెయ్యమ్మా. ఎలా ఉండేవో అలా."

ఆమె మౌస్ కదిపింది. పళ్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి జరిగి, పాత వంకరలోకి కుదురుకున్నాయి.

"ఇలాగేనాండీ?"

"అవునమ్మా, ఇలాగే! చెయ్యగలవా?"

"తెరమీదైతే చేశానండీ."