నీళ్లలో రెండు కుర్చీలు

సరస్సు ఒడ్డున రేకుల షెడ్డు. డైవింగ్ నేర్పే అమ్మాయి తడిసిన రబ్బరు సూట్లు తీగ మీద ఆరేస్తోంది. ఈమధ్యే భార్య పోయిన పెద్దమనిషి గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"కుర్చీలేవీ అని అడుగుతుంటే కూర్చోండి అంటావేంటమ్మాయ్?"

"ఎంతసేపని నిలబడతారు, బాబాయ్?"

"బాబాయా? నేను నీకు ఎప్పుడయ్యాను బాబాయిని?"

"పిన్ని నాకు పిన్ని అయినప్పట్నుంచి."

"వరసలు కూడా కలిపేసిందన్నమాట మా ఆవిడ. ఇంట్లో చెప్పింది మాత్రం వడ్రంగి దగ్గరున్నాయని. కాళ్లు వదులయ్యాయి, బిగించమని ఇచ్చానని. ఆవిడ పోయాక వెళ్లి అడిగితే వాడు నన్ను పిచ్చాణ్ని చూసినట్టు చూశాడు. చివరికి వ్యాను తోలినవాడు చెప్పాడు, ఇక్కడ దింపానని. భోజనాల బల్ల దగ్గర కుర్చీలు! ఏం చేశారు వాటిని?"

"మంచినీళ్లు తాగుతారా?"

"ఈ చెరువు నీళ్లేనా? వద్దు. కుర్చీలు."

"లోపలున్నాయి."

"ఈ షెడ్డులోనా?"

"నీళ్ల లోపల."

"ఏమన్నావ్?"

"అడుగున. సముద్రంలో అయితే రంగురంగుల చేపలుంటాయి. ఇక్కడేముంది, బురదా రాళ్లూ. అందుకే మేమే ఏదో ఒకటి దింపుతాం. పాత సైకిలు, తలుపు చట్రం, బట్టల దుకాణం బొమ్మ... వచ్చినవాళ్లు దిగి చూసుకుని మురిసిపోతారు."

"పనికిరాని సామానంతా చెరువులో పారేసి, ఒళ్లంతా రబ్బరు తొడుక్కుని మళ్లీ దాన్నే చూడ్డానికి దిగుతారు. అందరూ చదువుకున్నవాళ్లే కదూ?"

"సరదా, బాబాయ్."

"గేదెలు నయం. ఒళ్లు చల్లబడటానికి మునుగుతాయి."

"పిన్ని చెప్పింది."

"ఏం చెప్పింది?"

"మీకు తెలిస్తే గేదెల మాటే ఎత్తుతారని."

"ఊఁ. నవ్వుకున్నారన్నమాట ఇద్దరూ. చెక్క కుర్చీలు నీళ్లలో మునుగుతాయా అసలు? తేలిపోవూ?"

"కాళ్లకి రాళ్లు కట్టాం. పిన్నే కట్టింది."

"ఇంట్లో పాత పేపర్లు మూట కట్టమంటే ముడి నిలిచేది కాదు! సరే, తీయించు పైకి. రెండూ."

"పిన్ని దిగి కూర్చున్నది తీసిస్తాం. రెండోది వదిలేయండి."

"ఎందుకు వదిలేయాలి?"

"ఎందుకంటే... వదిలేయండి, బాబాయ్. నానిపోయి ఉంటుంది."

"ఒకటి నానకుండా ఇంకొకటి నానిందా? ఇటు చూసి చెప్పు. బకెట్టు ఎత్తితే నడుం పట్టేసే మనిషి, గ్యాసు బండంత సిలిండరు వీపున వేసుకుని దిగిందంటే పక్కన ఎవడో ఉండాలి."

"జతగాడు లేకుండా ఎవర్నీ దింపం. అది రూలు."

"అదీ. ఎవడు?"

"ఎవడంటే?"

"నేను చదివింది పల్లెటూరి బళ్లోనే గానీ రెండు వరకూ లెక్క వచ్చు. ఒక కుర్చీలో ఆవిడ. రెండోదాంట్లో ఎవడు కూర్చునేవాడు?"

"ఎవరూ కాదు."

"అబద్ధం."

"జతగా దిగేది నేనే. పక్కన రాయి పట్టుకుని ఉండేదాన్ని."

"రాయి పట్టుకునా? కుర్చీ ఖాళీగా ఉంటే?"

"ఒకసారి కూర్చోబోయాను. చెయ్యి పట్టుకుని లాగేసింది."

"అంటే ఎవడి కోసమో అట్టే పెట్టింది. వాడు రాలేదు, ఈవిడ చూసి చూసి పోయింది. నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు. నిద్రలో ఎవణ్ని తలుచుకుందో! చెప్పమ్మాయ్. పోయిన మనిషిని ఇప్పుడు నేనేం చేస్తాను? పేరు తెలిస్తే చాలు నాకు."

"తెలుసుకోకండి, బాబాయ్."

"చెప్పు."

"ఆ రెండో కుర్చీ... చేతులున్నది."

"అది నాది."

"అవునట."

"అందులో నేను తప్ప ఎవరూ కూర్చోరు. చుట్టాలొచ్చినా సరే."

"అదీ చెప్పింది."

"పిచ్చి మొహం! ముప్పై ఏళ్లు బల్లకి అటూ ఇటూ కూర్చున్నది చాల్లేదా? నా ఖాళీ కుర్చీని బురదలో పెట్టుకుని ఏం చేసేదట?"

"సైగ చేసేది. నీళ్లలో మాట ఉండదు కదా, అన్నీ చేతుల్తోనే చెప్పుకుంటాం."

"నా కుర్చీకి సైగలా! ఏమని? భోజనం వడ్డించాననా?"

"ఎప్పుడూ ఒకటే. అరచెయ్యి ఇలా, గొంతుకి అడ్డంగా."

"నా గొంతు కోస్తానంటుందా? దానికంత ధైర్యం ఎక్కడిది!"

"అది కాదు. మొదటిసారి చూడగానే నా నోట్లో గొట్టం తీసి ఆవిడ నోటికి పెట్టబోయాను. నెట్టేసింది. మీటరు చూస్తే సిలిండరు నిండుగా ఉంది. నన్ను చూడనే లేదు పిన్ని, కుర్చీనే చూస్తోంది."

"నసగకు. ఆ సైగకి అర్థమేంటి?"

"నాకు గాలి అందడం లేదు, అని."