నిండిన డబ్బా

కళ్యాణదుర్గంలో ఒక ఇంటి మిద్దె మీద, మట్టి లేకుండా నీళ్లలో పెంచిన లెట్యూస్ ఆకుకూర వాడిపోయింది. భార్య థర్మోకోల్ డబ్బా మూత ఎత్తి చూసింది.

“దీంట్లో నీళ్లెవరు పోసినారు?”

“నేనే. సగానికి దిగిపోయిండాయి. నీ చెట్లు ఎండిపోతాయని నిన్న నిండా పోసినా.”

“నీళ్లు దిగాల్సిందే! దిగిన కాడ ఏర్లు గాలి పీల్చుకుంటాయి. ఇప్పుడు ఊపిరాడక సచ్చినాయి చూడు. ఇది నీళ్ల ట్యాంకర్ కాడ పక్కింటి తిప్పేష్‌ను కొట్టి తెచ్చిన బిందేనా?”

“వాడు పట్టుకున్న ఆఖరి బిందె. ఇయ్యనన్నాడు. రాయి ఎత్తి తలకాయ పగలగొట్టినా. నీ కోసమే కదే!”

“ఆస్పత్రిలో వానికి ఇంకా తెలివి రాలేదంట. ఆ రక్తం చొక్కా ఇప్పి ఉతుకు.”

“నీళ్లు యాడుండాయి?”

“ఈ డబ్బాలో. వాని నీళ్లే, వాని రక్తమే. కడుక్కో.”