హార్మోనియంలో మాత్రలు

హార్మోనియం తుడుద్దామని మూత తీసిన ఆమెకు, రెండు నెలలుగా భర్త మింగుతున్నాడనుకున్న క్యాన్సరు మాత్రలన్నీ అందులో కనిపించాయి. అది 1994 డిసెంబరు, రైల్వే ఊళ్ళోని తాల్‌బగీచా పేటలో వాళ్ళ ఇల్లు. రిటైరైన రైలు బోగీల ఫిట్టరు ఆయన. వరండాలో గెడ్డం గీసుకుంటున్నాడు.

"ఏటయ్యా ఇవి?"

"ఎలకలు తెచ్చుంటాయి."

"రేకులకి రేకులు మోసుకొచ్చినాయా? ఆ జబ్బు ఎముకల్లోకి పాకితే ఎలకలొచ్చి నిన్ను లేపుతాయా? డాక్టరు ఎంత ఇవరంగా సెప్పినాడు!"

"ఏటి సెప్పినాడు?"

"మగ హార్మోను తాళంసెవి. కణంలో రిసెప్టరనే తాళముంటాది. సెవి తిరిగితేనే ప్రోస్టేటులో గడ్డ పెరుగుతాది. ఈ మాత్ర పోయి ఆ కన్నం మూసేస్తాది."

"తాళాల సంగతి నాకు సెప్పకు. పద్నాలుగో ఏట మీసమొచ్చిందీ, గొంతు మారిందీ ఆ తాళం తిరిగే కదా? కన్నం మూసేస్తే ఆ గొంతు ఉంటాదేటి?"

"ఒకసారి ముదిరిన గొంతు మళ్ళీ పోదంట. మొదటి రోజే డాక్టర్ని అడిగినాను."

సబ్బు నురగలో బ్లేడు ఆగిపోయింది.

"నువ్వా? ఎందుకడిగినావు?"

"మన పెళ్ళికి ముందు నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో క్రిస్మస్ పాటలు పాడుకుంటూ వచ్చినావు కదా. ఆ గొంతు వినే నేను తలుపు తీసినాను."

ఆయన బ్లేడు కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఎలకలు కాదు, నేనే దాసినాను. నీకు నచ్చింది ఆ గొంతే, అది పోతే నీకు నేనెవర్నని భయమేసి దాసినాను. నీళ్ళు తే, మింగుతాను."